ఒడి దిగి తిరిగే బాలయేసు

సోరియా, 9 జులై 1957

వాల్దెస్పినో చర్చి తాళాలు చూసే శ్రీమతి రెస్తితూతా గారికి నమస్కారాలు.

మీ మరియమాత బొమ్మ మా పనిశాలకు క్షేమంగా చేరింది. ఏడు వందల ఏళ్ళ చెక్కను పురుగు కొంచెమే తిన్నది. మీరు తొడిగిన పట్టు అంగీ తీసి చూస్తే కింద పాత ఎర్రరంగు అలాగే ఉంది. నా మనసు నిండిపోయింది. కానీ ఒడిలో బాలయేసు లేడు. ఆయన్ని బిగించే చీల కన్నం మాత్రం ఉంది. వెంటనే పంపండి. సెప్టెంబరు ఎనిమిది పండగకి ఇద్దరినీ కలిపి అప్పగించాలి.

ఇట్లు,
లెయాంద్రో, కొయ్యబొమ్మలు బాగుచేసేవాడు

తా.క. అంగీలో పదకొండు గుండుసూదులు దొరికాయి. పన్నెండోది నా బొటనవేలికి దొరికింది.

వాల్దెస్పినో, 14 జులై

నాయనా లెయాంద్రో, దీవెనలు.

బాబు ఎక్కడికీ పోలేదు. రొట్టెల బట్టీ సెవెరో ఇంట్లో ఉన్నాడు. తర్వాత గొర్రెల కాపరి ఇంటికి వెళ్ళాలి. ఆగస్టు దాటేదాకా ఆయనకి తీరిక లేదు. ఈలోగా నువ్వు తల్లి సంగతి చూడు.

రెస్తితూతా

తా.క. సూదులు పారేయకు, నావే.

సోరియా, 19 జులై

శ్రీమతి రెస్తితూతా గారికి,

అంత పాత శిల్పాన్ని రొట్టెలవాడికి ఇచ్చారా? ఇంటింటికీ తిప్పడానికి అదేమన్నా పిండి జల్లెడా? పోలీసులకు ఫిర్యాదు ఇచ్చేశాను.

లెయాంద్రో

తా.క. కోపంగా రాసినందుకు మన్నించండి. నా భార్య ఎల్వీరాకి రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఎనిమిదో నెల. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ఇద్దరం భయంతో చస్తున్నాం.

వాల్దెస్పినో, 23 జులై

పిచ్చినాయనా,

ఈ మాట ముందే చెప్పొద్దూ? మా ఊళ్ళో ఎవరికి నెలలు నిండినా బాబు వాళ్ళ పక్కలోకి వెళ్తాడు, బిడ్డ పుట్టాక వచ్చేస్తాడు. నా ఐదు కాన్పులకీ వచ్చాడు. సెవెరో భార్యకి మొన్ననే మగపిల్లాడు. ఇక వంతు కాపరి భార్యది. మీ సంగతి చెబితే, "నాకిది నాలుగోది, అలవాటే. ముందు ఆ పిల్ల దగ్గరికి పంపించు పిన్నీ" అంది. ఉన్ని దుప్పట్లో చుట్టి రేపటి బస్సులో పంపుతున్నాను. నీ పనిశాలకు కాదు, మీ ఇంటికి.

రెస్తితూతా

తా.క. నీ పోలీసు వచ్చాడు. వాళ్ళావిడకి అక్టోబరట. వరసలో పేరు రాయించుకుని వెళ్ళాడు.

సోరియా, 2 సెప్టెంబరు

అమ్మా రెస్తితూతా, మీ కాళ్ళకు దండం.

మాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పదహారు గంటలు ఎల్వీరా బాలయేసు పాదం వదల్లేదు. ఆ పాదం మీద మిగిలిన కాస్త గులాబీరంగూ ఆమె చెమటకి చెరిగిపోయింది. రంగు వేయడం నా వృత్తి. వేయడానికి చెయ్యి రాలేదు. తన వంతు మాకిచ్చిన కాపరి భార్యకి చెప్పండి, బతికున్నన్నాళ్ళూ ఆమెని మరిచిపోం.

మరియమాతని రేపు పంపుతున్నాను. బాబుని మాత్రం ఇప్పుడే పంపలేను. మా వీధి చాకలామెకి నొప్పులు మొదలయ్యాయి. పండగనాటికి నేనే తెచ్చి ఒడిలో కూర్చోబెడతాను.

మీ బిడ్డ,
లెయాంద్రో

తా.క. బాబుని కోటు కింద పెట్టుకుని నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పాత చెక్క కదా, ఎలా పట్టుకోవాలని చాకలామె భర్త అడిగాడు. గట్టిగా పట్టుకోమన్నాను.