గోడ బయట కెజియా

ఫిబ్రవరి 4, 2019. సోమవారం

కోర్టుహౌస్ రికార్డు గదిలో ఏడో రోజు. ఏమీ దొరకలేదు. కళ్ళు మండుతున్నాయి.

వెండెల్ ట్రెడ్‌వే తన పొలం అమ్మేశాడు. కొన్నవాళ్ళు గోదాములు కడతారట. ఆ పొలంలో మా పాత శ్మశానం ఉంది. రాతి గోడ లోపల పద్నాలుగు సమాధులు. వాటిని చర్చి పక్కకు తరలిస్తారు. గోడ బయట ఒక్క రాయి ఉంది, దానిమీద పేరు లేదు. అది కెజియాదని నాన్న చెప్పేవాడు. కెజియా కొడుకు ఓబెద్. ఓబెద్ నుంచి ఏడో తరం నేను. నాన్న మాట కోర్టుకు చాలదు. మార్చి పద్నాలుగున విచారణ. ఈలోగా ఓబెద్ ఆమె కొడుకేనని కాగితం చూపించకపోతే ఆ రాయి మీద కాంక్రీటు పోస్తారు.

వెండెల్‌కి ఫోన్ చేశాను. వరసకు అన్న. "మీ వాళ్ళకి గోడ బయట ఉండటం కొత్తేం కాదుగా ఆర్డిత్!" అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక మంచి జవాబులు నాలుగు తోచాయి.

ఫిబ్రవరి 5

ఏమీ లేదు.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

వీలునామా దొరికింది! అబ్సలోం ట్రెడ్‌వే, 1794. పెద్దకొడుక్కి మిల్లు, చిన్నకొడుక్కి గుర్రాలు. భార్యకు ఒక పరుపు, బతికినన్నాళ్ళు వెనక గది. చివర్లో ఇది: "నా కుమార్తె కెజియాకు ఏమియు లేదు. ఎందుకో ఆమెకే తెలియును."

ఆమెకు తెలుసు సరే, నాకెలా తెలియాలి? కూతురని రాశాడు, అంతవరకు మేలు. ఓబెద్ ఊసే లేదు.

రికార్డు గది చూసుకునే రోస్కో నా భుజం మీదుగా చదివి, "చచ్చేటప్పుడు కూడా పెద్దాయనకి కోపం చల్లారలేదు" అన్నాడు.

ఫిబ్రవరి 12

కోర్టులో ఏ రోజు ఏం జరిగిందో రాసే మినిట్స్ పుస్తకం, 1791. వెనక పట్టికలో ఉంది: కెజియా ట్రెడ్‌వే, 211, 212. 210వ పేజీ చివర్లో "కెజియా ట్రెడ్‌వే కోర్టుకు వచ్చి" అని ఉంది. ఎదుటి పేజీ చూశాను. 213.

ఆకు లేదు. కుట్టు దగ్గర సన్నగా కోసేశారు. 213 మొదట్లో తలా తోకా లేని ముక్క: "బిడ్డ తల్లి వద్దనే ఉండవలెను." ఏ బిడ్డ? ఏ తల్లి? కింద ఎవరిదో రోడ్డు గొడవ.

రోస్కో వేలితో తడిమి చూశాడు. "ఎలుకలు ఇంత తిన్నగా కొరకవమ్మా. బ్లేడు పని." 1962లో ఈ పుస్తకాలకు ఫోటోలు తీశారట. అందులోనూ ఆ పేజీ లేదు.

కారులో కూర్చుని స్టీరింగ్‌ని కొట్టాను. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. ఆ పిల్లల మీద కూడా ఇంతగా అరవలేదు.

ఫిబ్రవరి 17, ఆదివారం

వెర్లీన్ అత్త ఇంట్లో భోజనం. నాన్న చెల్లెలు, ఎనభై మూడేళ్ళు. పెళ్ళికి ముందు ఆ కోర్టుహౌస్‌లోనే టైపిస్టుగా చేసింది. కోసేసిన పేజీ సంగతి చెప్పి, ఆ వెధవ ఎవడో దొరకాలి గానీ అని తిట్టడం మొదలుపెట్టాను. అత్త చిక్కుళ్ళ గిన్నె నావైపు జరిపింది.

"వెధవ కాదే. నేనే" అంది.

అదే రోజు, సాయంత్రం

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. రాస్తున్నాను.

1958లో అత్తకి పాస్టరుగారి కొడుకుతో పెళ్ళి కుదిరింది. కాబోయే అత్తగారు కోడలి వంశం చూడటానికి కోర్టుహౌస్‌కి వస్తానంది. పెళ్ళి చెడుతుందని భయపడి మా అత్త ముందురోజే ఆ ఆకు కోసి ఇంటికి తెచ్చి, పొయ్యిలో పడేసింది.

"ఎలా చేశావత్తా?" అన్నాను.

"బ్లేడుతో."

నేను లేచాను. "కూర్చోవే. పొయ్యిలో వేసేముందు ఎన్నిసార్లు చదివానో! అంతా నోటికొచ్చు" అంది.

కళ్ళు మూసుకుని, బైబిలు వచనం అప్పజెప్పినట్టు చెప్పింది. కెజియా ట్రెడ్‌వే కోర్టుకు వచ్చి, నాలుగేండ్ల కుమారుడు ఓబెద్‌ను వెంట తెచ్చెను. తండ్రి పేరడుగగా చెప్పననెను. మరల అడుగగా, బిడ్డ నావాడు, మీకంతే చాలుననెను. బిడ్డను ఇరువదియొకటవ ఏడు వరకు పీపాలు చేయువాని వద్ద పనికి పెట్టవలెనని ఆజ్ఞ. అంతట ఆమె బిడ్డను ఒడిలో ఉంచుకొని కోర్టు నేలపై కూర్చుండెను. ఇద్దరు లేపజూచిరి, లేవలేదు. ప్రొద్దుగుంకినందున కోర్టు మరునాటికి వాయిదా. మరునాడును ఆమె అచటనే ఉన్నందున, మునుపటి ఆజ్ఞ రద్దు చేయడమైనది, సదరు...

అత్త ఆగింది. "అక్కడితో పేజీ అయిపోయింది."

"బిడ్డ తల్లి వద్దనే ఉండవలెను" అన్నాను నేను.

అత్త కళ్ళు తెరిచింది. ఆ రోజు భయంలో తర్వాతి పేజీ చూడలేదట. అరవై ఏళ్ళుగా తెలియదట.

"ఇచ్చేశారా, వాణ్ణి?"

"ఇచ్చేశారత్తా."

చేతిరుమాలు దొరక్క, టేబుల్ గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. నాకు జాలి వేసింది. కోపమూ పోలేదు.

మార్చి 3

అత్తని కోర్టులో చెప్పమంటే చెప్పదట. "చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని, ఈ వయసులో దొంగనని చెప్పుకోమంటావా? నేను పోయాక చెప్పుకో." నువ్వు పోతే సాక్ష్యం ఎవరు చెప్తారన్నాను. "అది నీ తంటా" అంది.

మార్చి 9

అత్త ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 14

నా దగ్గరున్నవి వీలునామా, ఒక పట్టిక, రెండు సగం వాక్యాలు. జడ్జిగారు తల అడ్డంగా ఊపుతున్నారు. అప్పుడు తలుపు తెరుచుకుంది. అత్త. చర్చి టోపీ పెట్టుకుని, వాకర్ టకటకలాడించుకుంటూ నేరుగా ముందుకు వచ్చింది. ప్రమాణం చేసి మొత్తం చెప్పింది. ఒక్క ముక్క పొల్లు పోలేదు.

"చేసింది నేరమని మీకు తెలుసా?" అని జడ్జిగారు అడిగారు.

"తెలుసండీ. జైలుకైతే పట్టుకెళ్ళండి. కాకపోతే పన్నెండింటికి మందులేసుకోవాలి."

వెండెల్ కూడా నవ్వాడు.

జ్ఞాపకం రికార్డు కాదన్నారు జడ్జిగారు. ఓబెద్ కెజియా కొడుకని తేలలేదన్నారు. అయితే కెజియా మా మనిషని ఇంతదూరం వచ్చారు కాబట్టి, గోడ బయటి సమాధినీ తరలించమన్నారు. ఇన్నాళ్ళు తిరిగి సగమే. ఇంటికొచ్చి కుర్చీని తన్నాను. కాలివేలు వాచింది.

ఏప్రిల్ 22

తవ్వారు. ఆ రాయి కింద ఉన్నది ఒకరు కాదు, ఇద్దరు. పక్కపక్కనే. ఒకరు ఆడమనిషి, ఇంకొకరు పొడగరి మగమనిషి అని తవ్వించినామె చెప్పింది. కొత్త రాళ్ళ కోసం పేర్లు రాయమని కాగితం ఇచ్చింది. మొదటి గడిలో కెజియా ట్రెడ్‌వే అని రాశాను. రెండోది ఖాళీగా వదిలాను.

ఇద్దరి మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి, చర్చి పక్కనా అంతే ఉంచమన్నాను.