ఎర్ర డబ్బా

మార్చి 4
ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం సైట్. గురువారం లైవ్. టీమ్ లీడ్ నెత్తిమీద కూర్చున్నాడు. రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్ ఉండగా ఇంత ఆలస్యమేమిటన్నాడు. అందుకే పేజీ నిండా డివ్‌లే పెట్టాను. డివ్ అంటే ఉత్త డబ్బా. రంగూ రూపూ ఇచ్చే నాలుగు క్లాసులు తగిలిస్తే ఎర్రగా, అచ్చం బటన్‌లా కనిపిస్తుంది. లోపల మాట కూడా రాయలేదు, ఫోన్ బొమ్మ చాలనుకున్నాను. నొక్కితే సాయానికి మనిషి బయల్దేరుతుంది.

మార్చి 5
టెస్టర్ తప్పు పట్టి టికెట్ వేసింది. చూపు లేనివాళ్ళకు ఫోన్ పేజీని చదివి వినిపిస్తుందట, నా డబ్బాను మాత్రం ఊసెత్తకుండా దాటేస్తోందట. డివ్ బదులు అసలైన బటన్ ట్యాగ్ పెట్టి మాట రాయమంది. అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారులే అన్నాను. టికెట్ క్లోజ్ చేశాను.

మార్చి 9
అక్క ఫోన్ చేసింది. బావ మళ్ళీ కొట్టాడట, ఈసారి బెల్టుతో. నన్ను రావద్దంది, వస్తే నిన్నూ వదలడంది. కాల్ లిస్టు రోజూ చూస్తాడు కాబట్టి పోలీసులకు చేయలేదట. మా సైట్ తెరువు, ఎర్ర బటన్ నొక్కు, కాల్ లిస్టులో ఏమీ పడదు అని చెప్పాను. నేనే చేశానని గొప్పగా చెప్పాను కూడా. ఎర్ర బటన్ అట. కళ్ళు పోయి ఆరేళ్ళయిన మనిషికి. ఫోన్ చదివి చెబుతుందిలే.

మార్చి 12, మధ్యాహ్నం 3
ఆస్పత్రి. అక్క కుడి మణికట్టు విరిగింది. ముందు పళ్ళు రెండు లేవు.

బావ స్నానానికి వెళ్ళగానే అక్క పేజీ తెరిచిందట. ఫోన్ పైనుంచి కిందిదాకా చదివింది. మీరు ఒంటరి కాదు, మేమున్నాం, ఇంకా ఏవేవో. బటన్ రాలేదు. మళ్ళీ వెతికింది. మూడోసారి వెతుకుతుంటే వాడు వచ్చాడు. మేమున్నాం అని ఫోన్ అంటూనే ఉంది. ఇస్త్రీపెట్టె తీసుకుని కొట్టాడు. పక్కింటివాళ్ళు తలుపు బద్దలుకొట్టి ఆపారు. పోలీసులు పట్టుకుపోయారు. నా చేతికి చిక్కితే చంపేసేదాన్ని.

అక్క ఒక్కటే అంది. "నేనే సరిగ్గా వెతకలేదేమోనే."

సాయంత్రం 6
ఆఫీసుకు వెళ్ళి, ఆ డబ్బాను ఫోన్ చదవట్లేదని చెప్పాను. అవన్నీ తర్వాత, వెర్షన్ టూలో చూద్దామన్నాడు లీడ్. కుర్చీ ఎత్తి మానిటర్ మీద వేశాను. చెయ్యి పట్టుకోబోతే వాణ్ణి గోడకేసి తోశాను. పెదవి చిట్లింది. నాకేమీ జాలి కలగలేదు. టెస్టర్ మాత్రం లేవలేదు. తన స్క్రీన్ నా వైపు తిప్పింది. ఆ టికెట్. క్లోజ్ చేసినచోట నా పేరు.

ఆమె సిస్టమ్ ముందే కూర్చుని డివ్ తీసేసి బటన్ పెట్టాను. మాట రాశాను.

మార్చి 13
డివ్ మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతే.

మార్చి 15
అక్క చేత పేజీ మళ్ళీ తెరిపించాను. 'సాయం కావాలి, బటన్' అంది ఫోన్. మొన్న ఇది ఎక్కడికి పోయిందే అని అడిగింది అక్క. టికెట్‌తో సహా అంతా చెప్పాను. ఎడమచెయ్యి చాచి నా మొహం తడిమింది. చెంప ఎక్కడుందో చూసుకుని కొట్టింది.