అరకప్పు కడుపు

బయూ టెష్ ఏటి ఒడ్డు, లూసియానా
మార్చి 9

చిట్టితల్లి రెనెల్లాకు,

అమ్మ ముద్దులు, దీవెనలు. నీ ఓడ ఏ సముద్రంలో ఉన్నా నువ్వు వేళకు తిని వేళకు నిద్రపోతున్నావని నమ్ముతున్నాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. బతికి ఉన్నాం, ఇల్లు నిలబడి ఉంది. అంతవరకు రాస్తే అబద్ధం కాదు.

నీ ఉత్తరం పదిహేడు రోజులకు చేరింది. మూడుసార్లు చదివాను. అడిగినవన్నీ చెబుతాను. ఒక్క ప్రశ్న మాత్రం చివరికి ఉంచుకుంటున్నాను. మొదటే దాని జోలికి పోతే మిగతావి రాయలేను.

తుఫానుకి లేచిపోయిన పైకప్పు బాగైంది. వంటింటి మూల మాత్రం ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాను. మీ ఎర్లీన్ అత్తకు మోకాలు పట్టేసింది, కర్ర పట్టుకుని తిరుగుతోంది. నోరు మాత్రం కర్ర లేకుండానే పరుగెడుతోంది. కుక్క ముసలిదైపోయి నీ మంచం మీద పడుకుంటోంది. నేను చూడనట్టు ఊరుకుంటున్నాను.

నా ఫోటో పంపమన్నావు. ఈసారికి వద్దులే. కడుపు కోసి చిన్నది చేసిన ఆపరేషన్‌కి ముందు మూడు వందల పన్నెండు పౌండ్లు ఉండేదాన్ని, నూట ఎనభై తొమ్మిదికి వచ్చాను. చర్చి మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. ఆదివారం పూజ అయ్యాక ఆడవాళ్లు నా చేయి పట్టుకుని చుట్టూ తిప్పి చూస్తారు. "ఒడెట్, నువ్వు సగమైపోయావు" అంటారు మెచ్చుకోలుగా. అవునంటాను. ఆ రెండో సగం ఏమైందని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఏం తింటున్నావమ్మా అని అడిగావు. అరకప్పు. ఉడకబెట్టిన కోడి, గుడ్డు, మెత్తటి చేప. చిన్న చెంచాతో, ఒక్కో ముద్ద ముప్పైసార్లు నమిలి. ఇంకో చెంచా ఎక్కువైతే ఛాతీలో రాయి దిగినట్టు ఉంటుంది. తీపి ముట్టుకుంటే గుండె దడదడలాడి ఒళ్లంతా చెమట పట్టి బాత్రూం నేల మీద పడుకోవాలి. ఇవన్నీ డాక్టరు ముందే చెప్పాడు. ఆకలి పోతుందని కూడా చెప్పాడు, అదేదో వరంలాగా. పోయింది. ఆకలితోపాటు ఇంకేం పోతాయో మాత్రం ఆయన చెప్పలేదు. ఆయనకు తెలియకపోవచ్చు, సన్నటి మనిషి.

నీకు తెలుసు కదా, ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో వండాను. పొద్దున లేస్తే నా మొదటి ఆలోచన మధ్యాహ్నం ఏం వండాలని. గంబో చారుకి పిండి నూనెలో వేయించేటప్పుడు, పాత రాగి రంగు వచ్చేదాకా గరిటె వదలకుండా గంటసేపు నిలబడేదాన్ని. మోకాళ్లు అరిగిపోయింది అందుకే అని మీ నాన్న అనేవాడు. ఆపరేషన్ అయిన రెండు నెలలకు మళ్లీ చేశాను. బెండకాయ, రొయ్యలు, అన్నీ మా అమ్మ చేసినట్టే. చెంచాడు నోట్లో పెట్టుకున్నాను. రెనెల్లా, అది గంబోలా లేదు. వేడిగా, జిగటగా ఏదో ఉంది. నాలుక కూడా కోసేసినట్టు అనిపించింది. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. ఒక చారు కోసం అరవై రెండేళ్ల మనిషి ఏడుస్తోందని సిగ్గేసి మళ్లీ ఏడ్చాను.

ఆసుపత్రిలో నెలకోసారి మాలాంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రెండుసార్లు వెళ్లాను. ఒకావిడ రొట్టె వాసన వస్తుందని బేకరీ ఉన్న వీధి మానేసి చుట్టూ తిరిగి పనికి వెళుతుందట. డెస్మండ్ అని ఒక లారీ డ్రైవరు, "మా అన్న పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు, మరి మా అన్నని వేయించుకుని తినలేదు కదా" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత అతను చేతులతో ముఖం కప్పుకున్నాడు. కౌన్సెలింగ్ చేసే అమ్మాయి తిండికి బదులు ఇంకేదైనా పట్టుకోండి, అల్లికలు నేర్చుకోండి అంది. మంచి పిల్లే. ఇంటికి వచ్చాక మళ్లీ వెళ్లలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నీకంటే ముందు పుట్టి తొమ్మిది రోజులకే పోయిన మీ అన్న లూసియన్‌ని పూడ్చిపెట్టి వచ్చిన రోజు, వంటింటి బల్ల నిండా గిన్నెలు ఉన్నాయి. వీధిలో ప్రతి ఇంటినుంచీ ఏదో ఒకటి వచ్చింది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు, గిన్నె పెట్టి వెళ్లిపోయారు. నేను తలుపు వేసుకుని తిన్నాను. ఆ రోజు తింటూ ఉన్నంతసేపూ బతికాను. ఆ తర్వాత ఎప్పుడు దుఃఖం వచ్చినా అదే చేశాను. నాకు ఇంకో దారి ఎవరూ నేర్పలేదు, నేను అడగనూ లేదు. ఇప్పుడు ఆ దుఃఖం వస్తే పెట్టుకోవడానికి నాలో చోటు అరకప్పే.

ఇక నీ చివరి ప్రశ్న. "నాన్న ఒంట్లో చక్కెర అదుపులో ఉందని నర్సు మెచ్చుకునేది కదమ్మా, మేకు గుచ్చుకుంటే పాదం ఎందుకు తీసేయాల్సి వచ్చింది?" అని రాశావు. దాన్ని చదివినప్పుడల్లా కాగితం మడిచి పెట్టేశాను.

చక్కెర అదుపులో లేదు. అదుపు తప్పించింది నేను.

ఆ గంబో నేను తినలేకపోయిన రోజు మీ నాన్నకు పెట్టాను. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను. అతని నోరు కదులుతుంటే నా నోరూ కదిలింది. ఎలా ఉందని అడిగాను. "బాగుంది" అన్నాడు. బాగుంది అంటే కాదు, ఎలా ఉందో చెప్పు అన్నాను. మీ నాన్న సంగతి తెలుసు కదా, పీతల వల తప్ప ఇంకో విషయం మీద రెండు వాక్యాలు మాట్లాడని మనిషి. ఇంకో చెంచా తిని, "ముందు కారం తెలుస్తుంది, తర్వాత బెండకాయ నెమ్మదిగా వస్తుంది" అన్నాడు. నేను కళ్లు మూసుకుని విన్నాను. రెండు నెలల తర్వాత నాకు రుచి తెలిసింది.

అక్కడినుంచి రోజూ అంతే. పంది మాంసం గ్రేవీతో అన్నం, మొక్కజొన్న రొట్టె, వెన్న వేసిన చిలగడదుంపలు, ఆదివారాలు బ్రెడ్ పుడ్డింగు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ మీదే ఉంది, ఏవి తినకూడదో అందులో ఉంది. నేను ఆ చీటీ ముందు నిలబడే వండాను. మొదట్లో మీ నాన్న వద్దన్నాడు. "ఇది నాకు పడదు ఒడెట్, నీకూ తెలుసు" అన్నాడు. నేను ప్లేటు తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అతనికి వినబడాలనే ఏడ్చాను. మర్నాడు తిన్నాడు. ఇంకొంచెం అంటే ఇంకొంచెం తిన్నాడు.

వేలు గుచ్చుకుని చక్కెర చూసుకోవడం మానేశాడు. నర్సు వచ్చి చక్కెర రాసుకునే పుస్తకం చూస్తుంది కదా, అందులో అంకెలు నేనే వేశాను. నూట పది, నూట ఇరవై రెండు, నూట పదిహేను. నా చేతిరాతే. నర్సు చూసి మీ నాన్న భుజం తట్టింది. అతను నా వైపు చూడలేదు.

ఎనిమిది నెలలు అలా జరిగింది. నవంబరులో రేవు చెక్క మీద మేకు గుచ్చుకుంది. పాదంలో స్పర్శ పోవడంతో అతనికి తెలియనేలేదు. బూటు తీసినప్పుడు మేజోడు తడిగా ఉందని నేనే చూశాను. తర్వాతది నీకు తెలుసు. ముందు రెండు వేళ్లు, క్రిస్మస్‌కి వారం ముందు పాదం.

నీకు తెలియంది ఆసుపత్రిలో జరిగింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ వచ్చి, రక్తంలో చక్కెర ఇంత ఉంటే పుస్తకంలో ఇలా ఉందేమిటి, ఏం తింటున్నారు అని అడిగింది. నేను మంచం పక్కనే అతని బూట్ల సంచి పట్టుకుని ఉన్నాను. నోరు తెరిచాను. నాకంటే ముందు మీ నాన్న అన్నాడు: "పెట్రోలు బంకు దగ్గర సాసేజీలు కొనుక్కుని పడవలో కూర్చుని తినేవాణ్ణి. అంకెలు కూడా నేనే చెప్పి రాయించాను. మా ఆవిడకి ఏమీ తెలియదు."

ఎర్లీన్ అక్కడే ఉంది. తమ్ముడి మీద విరుచుకుపడింది. "నీ పెళ్లాం కడుపు కోయించుకుని నోరు కట్టుకుంటే, నువ్వు దొంగతిండి తింటావా వాలెస్? నీకు సిగ్గు లేకపోతే దాని ముఖం చూసైనా మానుకోవద్దూ?" అంది. మీ నాన్న పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. అప్పుడు చెప్పి ఉండవలసింది. ఆ గదిలో, అందరి ముందూ. చెప్పలేదు. ఎర్లీన్ నన్ను కౌగిలించుకుని "పాపం" అంటే కౌగిలించుకోనిచ్చాను. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అతన్ని దెప్పుతుంది, నేను కాఫీ పోస్తూ ఉంటాను.

ఫాదర్‌కి చెప్పుకున్నాను. దేవుడు క్షమించాడన్నాడు, చెప్పుకోమని మూడు ప్రార్థనలు ఇచ్చాడు. ఇంటికి వచ్చేలోపే అవి అయిపోయాయి. మీ నాన్న చక్రాల కుర్చీలో వరండాలో కూర్చుని, ఒడ్డున బోర్లించిన పడవ వైపు చూస్తున్నాడు. కొయ్యకాలికి వచ్చే నెల కొలతలు తీస్తారట. దానితో పడవ ఎక్కడం కుదరదని ముందే చెప్పేశారు.

ఇప్పుడు ఇద్దరికీ ఒకే వంట. ఉప్పు తక్కువ, నూనె లేదు. అతనికి ప్లేటు పెట్టి నేను పక్క గదిలోకి వెళ్లిపోతాను. అతను తినడం చూడలేను. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మేం మాట్లాడుకున్నదంతా తిండి గురించే అని ఇప్పుడు తెలిసింది. అది తీసేస్తే మా మధ్య ఏమీ మిగల్లేదు, లేదా మిగిలినది ఏమిటో మాకు తెలియడం లేదు.

ఈ ఉత్తరం పైదాకా రాసి నిన్న సాయంత్రం వరండాలో అతనికి చదివి వినిపించాను. నీకు పంపే ముందు అది న్యాయం అనిపించింది. అంతా విన్నాడు. అమ్మాయి ఒంటరిగా సముద్రం మీద ఉంది, ఇది ఇప్పుడు ఎందుకు అన్నాడు. అడిగింది కనుక అన్నాను. చక్రాల కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"నాకు ఒక్కరోజు కూడా ఆకలి వేయలేదు, ఒడెట్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మరి ఎందుకు తిన్నావు అని అడిగాను.

"ఆపరేషన్ అయినప్పటినుంచీ రోజంతా గోడవైపు తిరిగి పడుకునేదానివి. పిలిచినా పలికేదానివి కాదు. నాకు ప్లేటు పెట్టినప్పుడు మాత్రం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేదానివి. ప్లేటు ఖాళీ అయితే లేచి వెళ్లిపోతావని నెమ్మదిగా తినేవాణ్ణి."

ఇవాళ మధ్యాహ్నం అతనికి ప్లేటు పెట్టి పక్క గదిలోకి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎలా ఉందని అడగలేదు. అతనూ చెప్పలేదు. సగం తిని, ప్లేటు పక్కకి జరిపి, చేతులు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడేదాకా అలాగే ఉన్నాం.

నీకు కోపం వస్తుంది, రావాలి. దాచుకోకుండా రాయి. రాయడానికి చేయి రాకపోతే నీ జవాబు అదే అనుకుంటాను. మీ నాన్నకు మాత్రం వేరే కాగితం మీద రెండు ముక్కలు రాసి పంపు. నేను చదవను.

ఇట్లు,
నిన్ను కన్నందుకు నీకు నిజం బాకీపడ్డ
మీ అమ్మ, ఒడెట్