రిలీవర్ రానిదే లేవని మనిషి

గాజువాక,
మంగళవారం.

చిరంజీవి గురునాథానికి అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్న, నేను, నీ భార్య క్షేమమేనని ముందుగా రాయించాలట, రాయిస్తున్నాను. ఎంత క్షేమమో మొత్తం చదివాక నువ్వే తేల్చుకో. పారాదీప్‌లో ఎండలు ఎలా ఉన్నాయి? క్రేన్ ఎక్కే ముందు కడుపులో ఏదైనా వేసుకుని ఎక్కు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నవ్వుకుంటావు. ఫోనులో నేను నోరు విప్పేసరికి నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి సిగ్నల్ పోదు. నాకు అక్షరం ముక్క రాదు గనక నీ భార్య జ్యోతిర్మయి చేత రాయిస్తున్నాను. బళ్ళో పాఠాలు చెప్పే మనిషి కదా, నా మాటల్ని పుస్తకం భాషలోకి మార్చి రాస్తోంది. యాస మారిస్తే మార్చు గాని తిట్లు మార్చావంటే ఊరుకోనని ముందే చెప్పాను.

నువ్వు ఫోనులో అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన పట్టీ బిగుతుగా ఉందని దానితో కిటికీ రెక్క కొట్టుకోకుండా కట్టాను. మీ నాన్న మందులు వేసుకుంటున్నాడు, అన్నంలో కలిపి పెడుతున్నాను. ఇక సబ్బవరం అవతలి వృద్ధాశ్రమం వాళ్ళ కారు ఎందుకు ఖాళీగా వెనక్కి పోయిందని అడిగావు. వాన పడిందని అప్పుడు చెప్పాను. ఆ రోజు చినుకు పడలేదు. ఆ సంగతి చెబుతాను గాని, దానికంటే ముందు ఇంకొకటి చెప్పాలి. చెప్పే క్రమం నాది, మధ్యలో పేజీ తిప్పకు.

మీ నాన్నది మొండితనం అన్నావు. పెరట్లో నీళ్ళ మోటారు పక్కన పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుంటాడు, మధ్యాహ్నమైనా లేవడు, పిలిస్తే తిడతాడు, అందుకే అమ్మ వల్ల కాదు, ఆశ్రమంలో చూసుకుంటారు అని. నిజమే, కూర్చుంటాడు. ఆ మోటారు ఆయనకి మోటారు కాదు, స్టీలు ప్లాంటులో ఖనిజం మోసే బెల్టు. చేసిన ఉద్యోగం తప్ప ఆ బుర్రలో మిగతా అంతా చెరిగిపోయింది. నేను ఎవరో కూడా ఒక్కోసారి తెలీదు. "ఎవులమ్మా నువ్వు? ఇక్కడికి ఆడోలు రాకూడదు" అంటాడు.

నువ్వు చిన్నప్పుడు చూశావో లేదో. షిఫ్టు అయిపోయినంత మాత్రాన బెల్టు దగ్గర మనిషి కదలకూడదు. రెండో షిఫ్టు మనిషి వచ్చి, భుజం తట్టి, చార్జి తీసుకున్నానని నోటితో అనాలి. ఆయన్ని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా ఇతనే నిలబడాలి. ఒకసారి మీ నాన్న రిలీవర్‌కి తల్లి పోయి రాలేకపోతే, ఈయన జ్వరంతో నిలబడి వచ్చాడు. వదిలేసి రావచ్చు కదా అని అడిగితే, "ఒగ్గీసి వొచ్చీడానికి అది ఏటనుకున్నావు, బెల్టే" అన్నాడు. అలాంటి మనిషిని అన్నానికి రమ్మంటే వస్తాడా? నేను బతిమాలాను, అరిచాను, చెయ్యి పట్టి లాగాను. నా బుద్ధి ఎంత మొద్దుదో చూడు. ఆయన తప్పు పని చెయ్యడం లేదు. రిలీవర్ రాలేదు, అంతే.

ఒక రోజు, అది ఏ రోజో తరవాత చెబుతాను, అటక మీది ఆయన పసుప్పచ్చ ప్లాంటు హెల్మెట్ తీసి కొప్పు మీద పెట్టుకున్నాను. పైట నడుముకి దోపాను. వెళ్ళి భుజం తట్టి, మగాళ్ళు మాట్లాడుకున్నట్టే, "బావా, లెగు. నాను రిలీవర్ని. సార్జి తీసుకున్నాను, నువ్వెల్లు" అన్నాను.

గురునాథా, అప్పుడు ఆయన్ని చూడాలి. ఆ కళ్ళల్లోకి వెలుతురు వచ్చింది. నడుం నిటారుగా పెట్టి లేచాడు. "మూడో రోలరు సప్పుడు సేత్తంది, సూసుకో బావా. నీళ్ళు తాగుతుండు" అని బాధ్యత ఒప్పగించి, చేతులు దులుపుకుని ఇవతలికి నడిచాడు. నెలల తరబడి నా ఏడుపుకి కరగనివాడు ఒక్క మాటకి పసిపిల్లాడిలా లేచాడు.

ఆ సాయంత్రం జ్యోతిర్మయిని పట్టుకున్నాను. ఆ ఇంగిలీషు మాటలో ఏముందో చెప్పమన్నాను. తన లావుపాటి నిఘంటువు తీసి చదివింది. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. రిలీవర్‌కి మూలం రిలీఫట, రిలీఫ్ అంటే నొప్పి తగ్గడమట. అది సరే, మందులషాపు వాడు కూడా అంటాడు. తుఫాను వచ్చినప్పుడు మనకి పంచిన బియ్యం, పాలపొడి కూడా అదేనట. నిజమే, రిలీఫ్ లారీ వచ్చిందని వీధంతా పరిగెత్తాం. ముట్టడిలో చిక్కిన ఊరిని దండు వచ్చి విడిపించడం కూడా అదేనట. ఒకరి స్థానంలోకి ఇంకొకరు వచ్చి నిలబడడం అదే. ఉద్యోగం నుంచి వదిలిపెట్టడం అదే. ఇంకొకటి ఉంది గాని చదవనంది. చదవమని గదమాయిస్తే, చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి రావడాన్ని కూడా అలాగే అంటారట. ఇద్దరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. నవ్వాక ఆలోచిస్తే అందులో తప్పేముంది? ఈ వయసులో అంతకు మించిన సుఖం ఏముంది?

మన మాటల్లో చెప్పమంటే ఊరట అంది, ఆసరా అంది, ఉపశమనం, విడుదల అంది. వాన తెరిపి ఇచ్చింది అంటాం చూడు, ఆ తెరిపి అని నేను చెప్పాను. అవునత్తయ్యా, అది బాగుందని రాసుకుంది. ఇన్నిటికీ మనకి ఇన్ని మాటలుంటే, దొరలకి మాటల కరువొచ్చి ఒక్కదానితో సరిపెట్టుకున్నారనుకున్నాను. కాదు. ఇవన్నీ ఒకటేనని ఎవరో కనిపెట్టారు. బియ్యం తెచ్చినవాడూ, నొప్పి తీసినవాడూ, నీ చోట వచ్చి నిలబడినవాడూ ఒకడేనని ఆ మాట పుట్టించినవాడికి తెలుసు. వాడు ఎవడో గాని బాగా బరువు మోసినవాడు.

చివర్లో ఇంకొకటి చదివింది. సింహాచలంలో రాతిగోడ మీద ఏనుగులు ముందుకి పొడుచుకొచ్చినట్టు ఉంటాయి కదా, అలా చెక్కడం కూడా రిలీఫేనట. దానికీ దీనికీ పొత్తేమిటో నిఘంటువులో లేదంది. నాకు తెలుసు. రాతిలోంచి ఏనుగు లేచినట్టు ఆ మధ్యాహ్నం మీ నాన్న లేచాడు. మనిషి అంతా బండ అయిపోయాడనుకున్నాం. లోపలే ఉన్నాడు.

ఇప్పుడు ఆ రోజు ఏ రోజో చెబుతాను. ఇక్కడ నీ భార్య కలం ఆపింది, ఇది వద్దత్తయ్యా అంటోంది. రాయమన్నాను.

అది కారు వచ్చిన రోజు. నేనే ఒప్పుకున్నాను. ఆయన పంచెలు, దుప్పటి నేనే సంచిలో పెట్టాను. అలసిపోయాను నాయనా. ఆశ్రమం మనుషులు మర్యాదగానే పిలిచారు, లేవలేదు. చెయ్యి పట్టుకుంటే మోటారు పైపుని కౌగిలించుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు ఆ ఉపాయం. అన్నం పెట్టడానికి కాదు, కారెక్కించడానికి పెట్టుకున్నాను హెల్మెట్. ఆయన నన్ను నమ్మాడు. నమ్మి, వీధిలోకి నడిచి, కారుని ప్లాంటు బస్సనుకుని తనంతట తనే ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరుతో అన్నాడు: "బేగి పోనీ బాబూ. ఇంటికాడ మా గౌరి అన్నం తినకండా కూకుంటాది."

నేను కారు తలుపు పక్కనే ఉన్నాను, నెత్తిన హెల్మెట్‌తో. ఆయనకి నేను తెలీదు. గౌరి తెలుసు.

తలుపు తీసి దింపాను. ఇల్లు వచ్చేసిందన్నాను. ఆశ్రమం వాళ్ళలో పెద్దాయన తల తిప్పుకుని కారెక్కాడు. లోపలికి తీసుకొచ్చి ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం నేనే వెళ్ళి చార్జి తీసుకుంటున్నాను. ఆయన వస్తున్నాడు, తింటున్నాడు, నిద్రపోతున్నాడు.

అందుచేత నా తీర్పు విను. మీ నాన్న ఎక్కడికీ వెళ్ళడు. ఇంకోసారి కారు పంపితే టైర్లలో గాలి తీయిస్తాను. నీ భార్య కూడా ఈ మాటకి కట్టుబడి ఉంది, కావాలంటే అక్షరాల దిటవు చూడు.

కాని నేను రాయిని కాను. నాకు డెబ్భై దాటాయి, రాత్రుళ్ళు మేలుకుంటున్నాను, జ్యోతిర్మయి బడికి వెళ్ళాక ఇంట్లో నేనొక్కదాన్నే. నాకు తెరిపి కావాలని అడగడానికి ఇంతకాలం నోరు రాలేదు. నిన్న మధ్యాహ్నం చార్జి తీసుకోవడానికి వెళితే మీ నాన్న లేవలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "అలిసిపోనావు బావా. నీ రిలీవరెవులు?" అని అడిగాడు. జవాబు చెబితే గాని కదలనన్నాడు.

నీ పేరు చెప్పాను.

ఇట్లు,
నీ రాక కోసం డ్యూటీలో నిలబడి ఉన్న
మీ అమ్మ గౌరీశ్వరి (వేలిముద్ర)