వంక దాటిన ముందు చక్రాలు

నరసమ్మా, ఎట్లున్నావని అడిగితే నవ్వుతావేమో... నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్ళీ శనక్కాయ విత్తే కార్తె వచ్చింది.

జీపు ముందు ఇరుసు విప్పి బాగుచేశాను. ఇప్పుడు.

వేలంలో కొన్న పాత మిలిటరీ జీపు, నాలుగు చక్రాలూ లాగుతాయని ఊరంతా చెప్పుకు తిరిగాను. ముందు చక్రాలను పనిలోకి దించే చిన్న గేరు రాడ్డును చూసి, "ఇదేందప్పా, పెద్దదానికి పుట్టిన పిల్లా?" అన్నావు. తర్వాత ఇరుసులోకి దుమ్ము రాకుండా ఆపే ఉన్ని సీళ్ళు చినిగి, దుమ్ము దూరి, ఇరుసు కటకటలాడింది. ముందు చక్రాలను తిప్పే రెండు షాఫ్టులూ పీకి, గోనెసంచిలో కట్టి శనక్కాయల గదిలో పడేశాను. వానే లేని సీమలో బురదెక్కడిది, వెనక చక్రాలు చాలవా అని నీకే పాఠం చెప్పాను. మూడేళ్ళు నా మాటే నిజమైంది. కరువు నన్ను మేధావిని చేసింది.

ఆ సంచి కాలికి తగిలినప్పుడల్లా తిట్టేదానివి. "వాన రాకపోతే మాన్లే... వంక యాడికన్నా పోయిందా? ఆడనే ఉండాది కదప్పా!" సీలు దొరకదని సాకు చెబితే, "నా కంబళి కోసుకో. మా నాయన నిడుగల్లులో నేయించినాడు, నీ జీపు కంటే గట్టిది" అన్నావు.

పోయినేడు నువ్వే రోకలికి కప్పను కట్టుకుని, ఆడవాళ్ళతో ఇంటింటికీ తిరిగి వాన అడిగావు. వచ్చింది. తడిసిన చేను చూడాలని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తావు. గట్టు మీద పాము కరిచింది.

పావగడ ఆసుపత్రికి బయలుదేరాం. వంకలో వెనక చక్రాలు తడి ఇసుకను తోడుకుంటూ దిగిపోయాయి. ముందువి చూస్తూ కూర్చున్నాయి, పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగా. చిన్న రాడ్డు మీద చెయ్యి పెట్టి, "ఈ పిల్లనన్నా ఒకసారి లాగి చూడప్పా" అన్నావు. లాగాను. దాని కింద ఏముంది?

ఊళ్ళోవాళ్ళు మంచం తెచ్చి నిన్ను మోసేసరికి...

నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం చదివి రిపేరు నేర్చినవాణ్ణి కదా, కళ్ళంలో గోనెలు పరిచి కూర్చున్నాను. బేరింగులు కొత్తవి వేశాను. చక్రం మలుపు తిరిగే కీలు ఎంత బిగువుందో కొలిచి చూడమంది పుస్తకం. శనక్కాయలు తూచే స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి లాగాను. బిగువెక్కువైతే స్టీరింగు తిరగదు, వదులైతే చక్రం వణుకుతుంది. కీలు కింద పలచని రేకు ఒకటి తీసి, ఒకటి పెట్టి... నాలుగు రోజులు పట్టింది.

చివరికి సీలు. నీ కంబళి అంచు కోశాను. నీ వాసన ఉంటుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నాను... గొర్రె వాసనే వచ్చింది. ఆముదంలో నానబెట్టి చుట్టాను. గోనెసంచి విప్పి షాఫ్టులు రెండూ మళ్ళీ ఎక్కించాను.

మొన్న మళ్ళీ వాన పడింది. నువ్వు ఆగిపోయిన చోటే జీపును వంకలోకి దింపి, చిన్న రాడ్డు లాగాను. అవతలి గట్టెక్కడానికి బీడీ వెలిగించినంత సేపు కూడా పట్టలేదు.

అంత సేపే నరసమ్మా...

పదేళ్ళు చుక్క పడకపోయినా ఆ షాఫ్టులు ఇక పీకను. ఊళ్ళో ఎవరికి అవసరమైనా తీసుకుపోయేటట్టు తాళంచెవి బయట మేకుకే తగిలించాను. మిగిలిన కంబళి నేనే కప్పుకుంటున్నాను.

నీ మాట ఏడాది ఆలస్యంగా విన్న
నీ మొగుడు