తమ్ముడు కొనబోయే తుపాకి

రాజోలు, ఏప్రిల్ 12

తమ్ముడు ఏసుదాసుకి అక్క సత్యవతి దీవెనలు.

న్యూజిలాండ్‌లో బాతుల వేటకి మొదటి తుపాకి ఏది కొనాలని ఆదివారం అడిగావు. ఫోన్లో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

నా ఎడమ చెవి జ్వరంతో పోలేదురా. నాన్న తుపాకి ఆయన భుజానికి మరీ పొడుగు, బరువు కూడా. నా పన్నెండో ఏట గోదావరి లంకలో, ఎగిరే బాతుల వెంట దాన్ని తిప్పబోయి పట్టు తప్పారు. అది నా చెవి పక్కనే పేలింది. నాన్న పడవలో కూలబడి, "జొరమొచ్చి పోయిందని చెప్పమ్మా అమ్మకి" అన్నారు. "ఆయ్, అలాగే నాన్నా" అన్నాను. మర్నాడే తుపాకి పోలీస్ స్టేషన్లో అప్పగించేశారు.

అందుకని మీ యజమాని చెప్పిన బరువైన పన్నెండు బోరు వద్దు. గొట్టం సన్నంగా ఉండే తేలికైన ఇరవై బోరు చూడు. కళ్ళు మూసుకుని భుజానికెత్తు. తెరవగానే చూపు గొట్టం మీదే ఉంటే అది నీకు సరిపోయినట్టు. నీ కూతురు షైనీ వస్తానంటే వెనక కూర్చోబెట్టు, పక్కన వద్దు.

మరదలి నడుం నొప్పి తగ్గిందా? ఆవకాయ కొలతలు అడిగింది, షైనీ ఫోనుకి పంపుతాను.

నాన్న మీద కోపం తెచ్చుకోకు. పోయేదాకా ఆయన ఎప్పుడూ నా కుడి పక్కనే కూర్చుని మాట్లాడేవారు.

ప్రభువు మీ ముగ్గురినీ చల్లగా చూడాలి.

అక్క