ఆ హుషారు కూడా జబ్బేనట

కోసిగి

నిస్సీ వాళ్ల నాయనకు మహిమ వందనాలు. ఇక్కడ నిస్సీ క్షేమం, పక్కింటి బీబమ్మక్క క్షేమం. బెంగళూరులో మీ ఒళ్లెలా ఉందో రాయండి.

పరమేషన్న చేత పంపిన జాబు, నిస్సీ గౌను అందాయి. వాన పడిందా అని అడిగారు. మబ్బు పట్టి పోతోంది, అంతే. ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నావు, కోపమా అనీ అడిగారు. కోపం కాదు. మీ పక్కన తోటి కూలీలుంటారని చెప్పలేకపోయాను.

ఈస్టరుకు మీరొచ్చినప్పుడు నాకు నిద్ర లేకపోయినా అలుపే ఉండేది కాదు. కుట్టుపని నేర్పుతానని వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచాను. నా చీరలన్నీ పంచేశాను. ఆగకుండా మాట్లాడుతుంటే మీరు నవ్వి, "ఇట్లుంటే ఎంత బాగుంటావే" అన్నారు.

మీరు రైలెక్కిన కొన్నాళ్లకు అదంతా పోయింది. మంచం దిగబుద్ధి కాలేదు. అన్నం నోటికి మట్టిలా తగిలేది. కుట్టు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను చూసి తలుపేసుకున్నాను. జడ వేయమని నిస్సీ దువ్వెన పట్టుకొని నిలబడితే నా చెయ్యి లేవలేదు. అది అలాగే బడికి పోయింది. నేను లేకపోతేనే మీ ఇద్దరికీ నయమనుకున్నాను. ఇదే మీకు చెప్పకుండా దాచింది.

బీబమ్మక్క వచ్చి నా ముఖం పట్టుకుంది.

"ఏమైందే నీకు? సచ్చిపోదామనిపిస్తాండాదా?"

సూటిగా అడిగేసరికి ఏడ్చి, ఔనన్నాను.

"ఒక్కదానివే ఈడ ఉండొద్దు. నువ్వూ బిడ్డా మా ఇంటికి రాండి. కర్నూలుకు నేనే పిల్సుకపోతా."

ఆస్పత్రిలో డాక్టరమ్మ నా దిగులంతా విని, "దీనికి ముందు ఎప్పుడైనా మితిమీరి హుషారుగా ఉన్నావా?" అంది. ఈస్టరు సంగతి చెప్పాను. ఆ హుషారూ ఈ దిగులూ ఒకే జబ్బట. మందులు నా అంతట నేను మానకూడదంది. బస్సులో వస్తూ, మీకు నచ్చిన మహిమ జబ్బు మనిషా అని ఏడ్చాను.

ఇప్పుడు లేచి వండుతున్నాను. పూర్తిగా తేరుకోవడానికి ఇంకా కొంతకాలం పడుతుందట. నేను వీధిలోకొస్తే జనం మాటలాపేస్తారు. ఇంట్లోనేమో మీరు లేరు.

ఒక్కటి అడుగుతాను. మళ్లీ ఎప్పుడైనా ఫోనులో గలగలా మాట్లాడి, శానా బాగుండానంటే సంబరపడకండి. "నిద్రపోతాండావా మహిమా?" అని అడగండి. నిద్ర లేదని నేనంటే కోప్పడకుండా, రైలెక్కి రండి.

ఇట్లు,
మీ నిస్సీ వాళ్లమ్మ
మహిమ